ఏపీఐ సాల్ట్‌వాటర్ మాస్టర్ టెస్ట్ కిట్: సైక్లింగ్‌కి భేష్, ఆ తర్వాత అంతంత మాత్రం

ఉప్పునీటి చేపల ట్యాంకు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందుగా కొనేది, నీళ్లలో అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ కొలిచే ఏపీఐ కంపెనీ వారి ఈ కిట్టే. కొన్నాక చాలామంది తిట్టుకునేదీ దీన్నే. "అమోనియా ఎన్నాళ్లైనా 0.25 దగ్గరే వేలాడుతోంది", "నైట్రేట్ నిన్న 10, ఇవాళ 80" అన్న రెండు ఫిర్యాదులు ఉప్పునీటి చేపలవాళ్లు కలిసిన ప్రతిచోటా వినిపిస్తాయి. కిట్‌లో లోపాలు లేవని కాదు. కానీ మొదటి ఫిర్యాదుకి సగం కారణం ఇంట్లో ట్యూబ్‌లైటు. రెండోదానికి కారణం నీళ్లలో ఉన్న నైట్రైట్. ఈ రెండూ తెలిసి వాడితే కొత్త ట్యాంకు సైక్లింగ్‌కి (చేపలు వేసేముందు ట్యాంకులో అమోనియా వేసి, దాన్ని తినే బ్యాక్టీరియాని పెంచడానికి) ఇంతకన్నా ఖరీదైన కిట్ అక్కర్లేదు. చేపలు వేశాక మాత్రం మాట మారుతుంది, అది చివర్లో.

సైక్లింగ్‌లో మనకి కావలసింది దశాంశాల లెక్క కాదు. వేసిన అమోనియా పోయిందా లేదా? దాని బదులు వచ్చిన నైట్రైట్ కూడా పోయిందా లేదా? అమోనియాని నైట్రైట్ చేసే బ్యాక్టీరియా ఒకటి, నైట్రైట్‌ని నైట్రేట్ చేసేది ఇంకొకటి. రెండూ రాళ్ల మీద, ఇసుక మీద పొరలా పెరుగుతాయి, నీళ్లలో తేలుతూ ఉండేవి తక్కువ. రెండూ నిదానస్తులే, రెండోది మరీను. అవి కంటికి కనిపించవు కాబట్టి వాటి పని జరుగుతోందో లేదో తేల్చేది ఈ గాజు గొట్టాల్లో రంగే.

మన దేశంలో ఈ పరీక్షల అవసరం ఇంకాస్త ఎక్కువ. సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న పగడపు రాయి) వేస్తే బ్యాక్టీరియా దాంతోపాటే వస్తుంది. కానీ రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పగడపు రాయిని సముద్రంలోంచి తెచ్చుకోవడం నేరం. కాబట్టి ఇక్కడ డ్రై రాక్‌తోనో, సిరామిక్ రాళ్లతోనో, సీసాల్లో అమ్మే బ్యాక్టీరియాతోనో సున్నా నుంచి మొదలుపెట్టాలి. (భీమిలి బీచ్ ఇసుక తెచ్చి వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: అందులో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాల రేణువులు ఉంటాయి. అరగొనైట్ (సున్నపు) ఇసుకే కొనండి.)

పెట్టెలో ఏముంది, ఏం లేదు

ఆరు సీసాలు, మూతలున్న నాలుగు గాజు గొట్టాలు, రంగుల అట్ట. పీహెచ్‌కి ఒక సీసా, అమోనియాకి రెండు, నైట్రైట్‌కి ఒకటి, నైట్రేట్‌కి రెండు. 550కి పైగా పరీక్షలు వస్తాయని పెట్టె మీద రాసి ఉంటుంది. అన్నీ మన ట్యాంకుకే వాడదామనుకుంటే అవి అయ్యేలోగా సీసాలకి వయసు మీద పడుతుంది.

లేనివి: ఉప్పదనం కొలిచేది లేదు, కేహెచ్ (నీటి క్షారత్వం) లేదు, కాల్షియం లేదు. ఉప్పదనానికి రిఫ్రాక్టోమీటర్ ఎలాగూ విడిగా కొనాలి, దాన్ని మంచినీళ్లతో కాక 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పదనం) ద్రావణంతో సరిచూసుకోవాలి. కేహెచ్ లేకపోవడమే అసలు లోటు. బ్యాక్టీరియా ప్రతి 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాముల) అమోనియాని తినేటప్పుడు నీళ్లలో క్షారత్వాన్ని సుమారు 0.65 డీకేహెచ్ (కేహెచ్‌ని కొలిచే డిగ్రీలు) ఖర్చు చేస్తుంది. 2 పీపీఎం చొప్పున ఆరు మోతాదులు వేస్తే 4 డీకేహెచ్ పోయినట్టే. 8తో మొదలైన ట్యాంకు 4కి దిగుతుంది, పీహెచ్ జారుతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది. సైకిల్ మధ్యలో ఆగిపోయిందని దిగులుపడి ఇంకో సీసా బ్యాక్టీరియా కొనేముందు కేహెచ్ చూడాలి. ఒక చిన్న కేహెచ్ కిట్ దీనికి తోడుగా కొనడం మంచిది.

అమోనియా

గొట్టంలో గీత వరకు 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు. నీటి పైభాగం గాజు దగ్గర కాస్త పైకి పాకుతుంది, మధ్యలో ఉన్న పల్లం గీతకి తగలాలి. మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు. మూత పెట్టి 5 సెకన్లు గట్టిగా ఊపి 5 నిమిషాలు ఆగాలి. పసుపు అంటే 0. అక్కడి నుంచి ఆకుపచ్చ ముదిరేకొద్దీ 0.25, 0.5, 1, 2, 4, 8 పీపీఎం.

చుక్కలు వేసేటప్పుడు సీసాని నిలువునా తలకిందులు చేసి పట్టుకోవాలి. వాలుగా పడితే చుక్క పరిమాణం మారుతుంది, ఎనిమిది చుక్కల్లో ఆ తేడా పెరిగి కూర్చుంటుంది. గొట్టాన్ని వేలితో మూసి ఊపేవాళ్లున్నారు. వద్దు. చేతి చెమటలో అమోనియా ఉంటుంది, పైగా రెండో సీసాలో ఉన్నది కాస్టిక్ సోడా కలిపిన బ్లీచ్, చర్మం కాలుతుంది.

ఇక ఆ 0.25 సంగతి. పసుపుకీ లేత పసుపుపచ్చకీ ఉన్న తేడా ఇంట్లో తెల్ల ఎల్‌ఈడీ కింద, ట్యూబ్‌లైటు కింద తెలియదు. ట్యాంకు నీలి లైటు పక్కనైతే అన్నీ ఆకుపచ్చే. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, గొట్టాన్ని అట్ట మీది తెల్ల భాగానికి ఆనించి చూడాలి. ఫోన్ ఫోటో తీసి నలుగురిని అడగడం వల్లా లాభం లేదు, కెమెరా రంగుల్ని తనకు నచ్చినట్టు సర్దేస్తుంది. అనుమానం తీరే దారి ఒకటుంది: అప్పుడే కలిపిన, ట్యాంకులోకి వెళ్లని ఉప్పునీళ్లతో రెండో గొట్టంలో అదే పరీక్ష చేసి రెండూ పక్కపక్కన పెట్టడం. రెండూ ఒకే రంగైతే మీ ట్యాంకులో అమోనియా లేదు, అట్ట ఏం చెప్పినా సరే. ఒక్కో ఉప్పు పొడిలోనే కొద్దిగా అమోనియా ఉంటుంది, అదీ ఈ పోలికతో బయటపడుతుంది. మంచినీటి కిట్‌లోని అమోనియా అట్టతో ఉప్పునీళ్లని పోల్చకూడదు, రెంటికీ రంగులు వేరు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లకి ఈ కిట్ పనికిరాదు. అంకెలు చూపే మీటరే వాళ్లకి దిక్కు.

నైట్రైట్

పరీక్షల్లో ఇది తేలిక. 5 మిల్లీలీటర్లకి 5 చుక్కలు, 5 సెకన్లు ఊపడం, 5 నిమిషాలు. లేత నీలం 0, ఊదా ముదిరేకొద్దీ పెరుగుతూ 5 పీపీఎం దగ్గర అట్ట అయిపోతుంది. చిక్కంతా ఆ 5 దగ్గరే.

లెక్క చూడండి. బరువు ప్రకారం 1 పీపీఎం అమోనియా మొత్తం నైట్రైట్‌గా మారితే 2.7 పీపీఎం అవుతుంది. అందరూ చెప్పే 2 పీపీఎం మోతాదు వేస్తే 5.4. అంటే ఒక్క మోతాదుకే అట్ట దాటిపోయాం. దాని మీద ఇంకో 2 వేస్తే 10.8. అక్కడి నుంచి అది 9కి, 7కి, 6కి దిగుతూ వచ్చినా మీకు గొట్టంలో కనిపించేది ఒకటే ముదురు ఊదా. రెండు వారాలు అలా చూసి "నైట్రైట్ కదలడం లేదు, సైకిల్ ఆగిపోయింది" అని సగం నీళ్లు మార్చేసేవాళ్లు ఇందుకే ఎక్కువ. ఆగింది సైకిల్ కాదు, అట్ట.

చుక్కలు పడుతుండగానే గొట్టం అడుగున ముదురు రంగు తేలితే కొలత దాటిందని అర్థం. అప్పుడు నీళ్లు పలచన చేసి చూడాలి. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజితో 1 మిల్లీలీటర్ ట్యాంకు నీళ్లు, 4 మిల్లీలీటర్లు కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు గొట్టంలో పోసి మామూలుగా పరీక్ష చేయండి. వచ్చిన అంకెని 5తో గుణిస్తే అసలు విలువ. అట్ట మీద 2 వస్తే ట్యాంకులో 10. రెండు రోజులకి 1 వస్తే 5కి దిగినట్టు. కదలిక కనిపిస్తుంది, నిద్ర పడుతుంది. ఈ చిట్కా కిట్‌తో వచ్చే కాగితంలోనే పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

సముద్రపు నీళ్లలో క్లోరైడ్ విపరీతంగా ఉంటుంది. నైట్రైట్ చేప మొప్పల్లోంచి లోపలికి పోకుండా అది అడ్డుపడుతుంది. అందుకే మంచినీటి చేపని చంపే నైట్రైట్ మోతాదు సముద్రపు చేపని అంతగా బాధించదు. అయినా దాన్ని కొలవడం ఎందుకంటే, రెండో జట్టు బ్యాక్టీరియా స్థిరపడిందో లేదో చెప్పే గుర్తు అది కాబట్టి.

నైట్రేట్

కిట్‌లో ఎక్కువ చెడ్డపేరు దీనిదే, ఎక్కువ తప్పులు జరిగేదీ దీంట్లోనే. 5 మిల్లీలీటర్లకి మొదటి సీసా 10 చుక్కలు వేసి తిప్పాలి. రెండో సీసాని వాడేముందు 30 సెకన్లు బలంగా ఊపాలి. ఊరికే రాసిన మాట కాదిది. ఆ సీసా అడుగున లోహపు పొడి పేరుకుని ఉంటుంది, నైట్రేట్‌ని నైట్రైట్‌గా విరగ్గొట్టేది అదే. నెలరోజులు కదపకుండా ఉంచితే గట్టిపడి అంటుకుపోతుంది, అప్పుడు సీసాని బల్ల అంచుకి నాలుగు దెబ్బలు కొట్టి మరీ ఊపాలి. తర్వాత 10 చుక్కలు, గొట్టాన్ని నిండా ఒక నిమిషం ఊపడం, 5 నిమిషాలు ఆగడం. బద్ధకించి ఊపకుండా వేస్తే ఆ రోజు నైట్రేట్ తక్కువ చూపిస్తుంది. అంతటితో పోదు, పైపై ద్రవం ఖర్చై అడుగున పొడి చిక్కబడి ఆ సీసా మొత్తం లెక్క తప్పుతుంది. వరసగా 0 వస్తున్న ట్యాంకుల్లో కొన్నిటి రహస్యం ఇదే.

ఇంకోటి, ఇంతకన్నా ముఖ్యమైనది. ఈ పరీక్ష నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌కి రంగు పుట్టిస్తుంది. గొట్టంలో నైట్రేట్ మొత్తం మారదు, కొంతే మారుతుంది. అట్ట మీది రంగులు ఆ లెక్కన గీసినవి. మరి ట్యాంకులో ముందే నైట్రైట్ ఉంటే? అది మొత్తంగా రంగెక్కుతుంది, కొద్దిపాటిదే బోలెడు నైట్రేట్‌లా కనిపిస్తుంది. సైకిల్ మధ్యలో 80, 160 అని ఎర్రగా వచ్చేది దీనివల్లే.

నమ్మకం కుదరకపోతే మళ్లీ లెక్కే. 1 పీపీఎం అమోనియా చివరికి 3.65 పీపీఎం నైట్రేట్ అవుతుంది. మీరు ఇప్పటిదాకా వేసింది 4 పీపీఎం అయితే నైట్రేట్ 14.6 దాటడానికి వీల్లేదు. కిట్ 80 అంటోందంటే తప్పు నీళ్లది కాదు. నైట్రైట్ 0 అయ్యేదాకా ఈ రెండు సీసాలూ పెట్టెలోనే ఉంచండి.

మొదటిరోజు మాత్రం ఒక్కసారి వాడాలి, మీ నీటి వనరు మీద. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేట్ ఎక్కువ. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్‌లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల) కంట్రోలర్ కొన్ని శుద్ధి కాని నీళ్లని తిరిగి కలుపుతుంది, కాబట్టి అది సరిపోదు. దాని తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) పెట్టి టీడీఎస్ 0కి తెచ్చుకున్న నీళ్లలోనే ఉప్పు కలపాలి.

పీహెచ్

5 చుక్కలు, వెంటనే రంగు. అట్ట 7.4 నుంచి 8.8 వరకు. ఏసీ గదిలో తలుపులు మూసి ఉంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని 8.0 చూపించడం మామూలే. 7.4 దగ్గరికి వస్తే మాత్రం కేహెచ్ చూడండి.

100 లీటర్ల ట్యాంకులో దీన్ని ఎలా నడపాలి

100 లీటర్లంటే రాళ్లు, ఇసుక పోను మిగిలిన నీళ్లు. అమోనియాకి అమోనియం క్లోరైడ్ వాడండి. కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం ఇదే పదార్థం, కానీ బజారు సరుకులో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం. ల్యాబ్ రకం చిన్న డబ్బా కొనుక్కోండి. 3.14 గ్రాములు తూచి ఆర్‌ఓ నీళ్లలో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే, ఆ ద్రావణం ప్రతి 10 లీటర్లకి 1 మిల్లీలీటర్ వేసినప్పుడు 1 పీపీఎం అమోనియా అవుతుంది. 100 లీటర్లకి 20 మిల్లీలీటర్లు వేస్తే 2 పీపీఎం.

ఉప్పదనం 35, వేడి 26 నుంచి 28 డిగ్రీలు, పంపులు తిరుగుతూ ఒక రోజు గడవాలి. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), యూవీ (సూక్ష్మజీవుల్ని చంపే దీపం) ఆపేయండి. లైట్లు అక్కర్లేదు, వేస్తే నాచుకి పండగ. 20 మిల్లీలీటర్లు వేసి గంట తర్వాత అమోనియా చూడండి. 2 రావాలి. 1 వస్తే నీళ్ల లెక్కో తూకమో తప్పింది, 4 వచ్చినా అంతే. సీసా బ్యాక్టీరియా ఆ తర్వాత. వేసవిలో కొరియర్ వ్యాన్‌లో ఉడికిన సీసాలో బతికినవెన్నో ఎవరూ చెప్పలేరు, కాబట్టి మార్చి నుంచి జూన్ వరకు చల్లగా పెట్టి అమ్మే దుకాణం నుంచి చేత్తో తెచ్చుకోవడం నయం.

రెండు రోజులకోసారి అమోనియా. అది దిగడం మొదలయ్యాక నైట్రైట్ కూడా. అమోనియా 0.5 కిందికి వస్తే 10 మిల్లీలీటర్లు, అంటే 1 పీపీఎం మాత్రమే వేయండి, 2 వద్దు. నైట్రైట్ అనవసరంగా కొండెక్కకుండా ఉంటుంది. అమోనియా ఎప్పుడూ 5 దాటకూడదు, అంత చిక్కగా ఉంటే దాన్ని తినాల్సిన బ్యాక్టీరియాకే ఇబ్బంది. మంచి సీసా బ్యాక్టీరియాతో రెండు మూడు వారాలు, ఏమీ వేయకుండా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. కరెంటు గంటలకొద్దీ పోయే చోట పంపుకి బ్యాటరీ ఏర్పాటు ఉండాలి, ఈ బ్యాక్టీరియాకి ప్రాణవాయువు లేకపోతే నడవదు.

ఆఖరి పరీక్ష: మళ్లీ 20 మిల్లీలీటర్లు వేసి, సరిగ్గా 24 గంటలకి అమోనియా, నైట్రైట్ రెండూ 0 రావాలి. వస్తే నైట్రేట్ సీసాలు ఇప్పుడు బయటికి తీయండి. మొత్తం 7 పీపీఎం అమోనియా వేశారనుకుందాం. నైట్రేట్ సుమారు 25 ఉండాలి, అంటే అట్ట మీద 20కీ 40కీ మధ్య. 5 వచ్చిందంటే నాచు తినేసి ఉండవచ్చు, లేదా సీసా సరిగా ఊపలేదు. కిట్‌ని మీరే పరీక్షించే అవకాశం ఇదొక్కటే, వదులుకోకండి. సగం నీళ్లు మార్చి, ఒకటి రెండు చేపలు వేయవచ్చు. ఇంకా వారం ఆలస్యమయ్యేలా ఉంటే మధ్యలో 10 మిల్లీలీటర్లు వేస్తూ ఉండాలి, ఖాళీ కడుపుతో ఆ బ్యాక్టీరియా తగ్గిపోతుంది. డామ్సెల్ చేపని వేసి దాని ఒంటి మీద సైక్లింగ్ చేయించే పాత పద్ధతి ఇంకా కొన్ని దుకాణాల్లో చెబుతున్నారు. కొన్ని గ్రాముల అమోనియం క్లోరైడ్ దొరికే రోజుల్లో ఆ అవసరం లేదు.

ఖరీదైనవి ఎందుకు వద్దంటే

అంకెలు చూపే హన్నా కంపెనీ చెకర్లు (చిన్న మీటర్లు) బాగుంటాయి. కానీ ఉప్పునీటికి వాళ్లు ఇచ్చే నైట్రైట్ చెకర్ 200 పీపీబీ (0.2 పీపీఎం) దాటితే చూపదు, సైక్లింగ్‌లో మనం ఉండేది పీపీఎంలలో. అది ఈ పనికి తయారైంది కాదు. నీళ్లలో ముంచే కాగితపు పట్టీలకైతే ఈ చర్చలో చోటే లేదు.

చేపలు స్థిరపడి, పగడాలు వచ్చాక పరిస్థితి తిరగబడుతుంది. అప్పుడు నైట్రేట్ 2 ఉందా 8 ఉందా అన్నది పట్టింపు. ఈ అట్టలో 0 తర్వాత 5, ఆ తర్వాత 10, మధ్యలో నారింజ రంగు ఛాయలు ఎవరి కంటికి వారివి. 40కీ 80కీ ఎరుపులో తేడా చెప్పడం ఇంకా కష్టం. అప్పటికి సాలిఫర్ట్ నైట్రేట్ కిట్‌కి మారడం మంచిది, గొట్టాన్ని పక్కనుంచి చూసి తక్కువ విలువలు కూడా పట్టుకోవచ్చు. ఏపీఐ పెట్టెలో అమోనియా సీసాలు మాత్రం దాచుకోండి. నత్త చచ్చి రాళ్ల వెనక కుళ్లుతోందేమో అన్న అనుమానం వచ్చిన రాత్రి అవే పనికొస్తాయి.

కొనేటప్పుడు

సీసా మీద లాట్ నంబరు చూడండి. చివరి నాలుగు అంకెలు తయారైన నెల, సంవత్సరం: 0324 అంటే 2024 మార్చి. మూడేళ్లు దాటిన సరుకు తగ్గింపు ధరకి ఇచ్చినా వద్దు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఆరు సీసాల నంబర్లూ కనిపించేలా ఫోటో అడగండి. పెట్టె కొత్తదైనా లోపల ఒక సీసా పాతది ఉండవచ్చు.

ఇంటికి వచ్చాక ట్యాంకు కింది క్యాబినెట్‌లో పెట్టకండి, అక్కడ తేమ, ఉప్పు చెమ్మ. ఎండ పడని అరలో, పిల్లలకి అందని చోట పెట్టండి. ఏ సీసా మూత దానికే, గొట్టాల మూతల మీద మార్కర్‌తో పేర్లు రాసుకుని ఒక్కో పరీక్షకి ఒక్కో గొట్టం కేటాయించండి. వాడిన వెంటనే ముందు కుళాయి నీళ్లతో, తర్వాత ఆర్‌ఓ నీళ్లతో కడిగి బోర్లించాలి. పరీక్ష చేసిన నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులోకి పోకూడదు. అమోనియా పరీక్ష నీళ్లనీ, నైట్రేట్ పరీక్ష నీళ్లనీ ఒకే గిన్నెలో పోసి ఉంచవద్దు. ఒకదాంట్లో బ్లీచ్, ఇంకోదాంట్లో ఆమ్లం, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. సింకులో కుళాయి తిప్పి, ఒకదాని తర్వాత ఒకటి పారబోయండి.